బెత్తెడు కన్ను

మార్చి నెల పద్నాలుగో తారీఖు, ఆదివారం, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు. ముందుగదిలో కోడలు వలకి ఆఖరి ముడి వేసి, పంటితో దారం తెంపి, సూదిని జడలో గుచ్చుకుంది. సూది జడలో గుచ్చుకోవడం అత్తగారి అలవాటు. నాలుగేళ్ళలో అది కోడలికీ వచ్చేసింది. వంటింట్లో టీ మరుగుతోంది. వసారాలో కొడుకు పడవలోంచి దించిన తెడ్లూ తాళ్ళూ బెండ్లూ ఒక మూలకి పేరుస్తున్నాడు. మర్నాడు పొద్దున్న ఏడింటికి పడవలు కొనే ఆయన వస్తాడు. పడవతోపాటు ఈ వల కూడా ఆయనతోనే పోతుంది.

"పోయే వలకి అంత నగిషీ ఎందుకు వదినా?" అంది ఆడపడుచు, గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని. రెండు వీధుల అవతల కాపురం. బజారులో చేపలమ్ముతుంది. ఆమె గొంతెత్తితే బజారు ఆ చివరివాళ్ళు గడియారం సరిచేసుకుంటారని అందరూ ఆమెని గంట అనే పిలుస్తారు. కన్నతల్లితో సహా.

"ఎవరింటికి పోయినా మన చేతి వలేగా," అంది కోడలు. "చిరుగుతో పంపితే నాకు నిద్ర పట్టదు."

"దర్జీ కూతురివి అనిపించుకున్నావు."

నిజమే. కోడలి పుట్టింటివాళ్ళకి సముద్రమంటే పటంలో నీలిరంగు, అంతే. తండ్రి దర్జీ. ఆ అమ్మాయి వేళ్ళు సన్నగా, పొడుగ్గా, సూదికోసమే పుట్టినట్టుంటాయి. పెళ్ళయి వచ్చిన నెలరోజులకే అత్తగారు వల సూది చేతికిచ్చింది. ఇచ్చి, నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి చూపించింది.

"ఇదమ్మా కొలత. బెత్తెడు. నాలుగు వేళ్ళూ వల కన్నులో పెట్టు, ముడి వెయ్యి. మళ్ళీ పెట్టు, మళ్ళీ వెయ్యి. తక్కినదంతా దేవుడు చూసుకుంటాడు."

తన అత్తగారు తనకీ అలాగే చూపించిందని చెప్పింది. ఆ ఇంట్లో కొలతచెక్క ఎవరూ వాడలేదు. చెయ్యి ఉండగా చెక్క దేనికి? ఒడ్డున మొత్తం పదకొండు పడవలు. పదకొండింటి వలలూ ఆ ఇంట్లోనే అల్లుతారు, ఆ ఇంట్లోనే బాగుచేస్తారు. అందుకే అత్తగారిని ఒడ్డంతా ముడులమ్మ అంటుంది. నాలుగేళ్ళ కిందట కళ్ళలో పొర కమ్మాక ముడులమ్మ సూది పక్కన పెట్టేసింది. ఆపరేషను చేయిస్తామంటే "వచ్చే చలికాలం చూద్దాంలే" అంటూ నాలుగు చలికాలాలు దాటించింది. వలలన్నీ కోడలి చేతికొచ్చాయి. ముడి చూస్తే ముత్యమే. పడవలవాళ్ళు ముడులమ్మ ఎదుటే కోడలిని మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ నవ్వి, "అత్త చేతిలో వంకర, కోడలి చేతిలో తిన్నన. ఏ ఇంట్లో అయినా ఇంతే కదా," అనేది.

వంకర అంటే ఆ ఇంట్లో అందరి కళ్ళూ పడమటి కిటికీ వైపు వెళ్తాయి.

ఆ కిటికీకి తెరలాగా వేలాడేది ముడులమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడాది అల్లిన మొదటి వల. ముడులు వంకరటింకరగా ఉన్నాయని ఆవిడ మామగారు దాన్ని పడవ ఎక్కనివ్వలేదు. పారెయ్యడానికి మనసొప్పక ఆవిడ కిటికీకి కట్టుకుంది. ఆ సాయంత్రం నుంచే ఎండ వాలి కిటికీలోంచి వచ్చేసరికి, ఎదుటి గోడమీద వల నీడ పడేది. ఆ నీడలోకి చేపలు వచ్చేవి. ఒడ్డు ముందు నీళ్ళలో ఆ పూట ఏమేం తిరుగుతున్నాయో వాటి నీడలే గోడమీద తిరిగేవి. తోక ఊపుకుంటూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, వల కళ్ళలోంచి ఇటూ అటూ దూరుతూ ఎండ పోయేదాకా ఉండి వెళ్ళిపోయేవి.

ఇదేమిటని ఎవరూ అడగలేదు. మబ్బు పట్టిన రోజున రావు, ఎండ ఉన్న రోజున వస్తాయి. దేవుడు కొందరికి మంచి గొంతు ఇస్తాడు, కొందరికి మంచి గోడ. కరెంటు మీటరు చూసే ఆయన కూడా అంకెలు రాసుకుని, ఒకసారి గోడకేసి చూసి, "ఇవాళ గుంపు పెద్దదే," అని సైకిలెక్కేవాడు. ఆ గోడకి మేకు కొట్టరు, పటం తగిలించరు. ఏటేటా సున్నం మాత్రం వేస్తారు.

ముడులమ్మకి చూపున్న రోజుల్లో రోజూ ఆ వేళకి పీట వేసుకుని గోడ ఎదుట కూర్చునేది. పొట్ట నిండుగా ఉన్న నీడలు నెమ్మదిగా తిరుగుతుంటే, చీర చెంగు భుజాన వేసుకుని ఒడ్డుకి నడిచి వెళ్ళి, "తల్లులు తిరుగుతున్నాయి. పదిహేను రోజులు ఆగండి నాయనా," అని చెప్పి వచ్చేది. పదకొండు పడవలూ ఆగేవి.

చూపు పోయాక పీట మానలేదు. కాకపోతే అడిగి తెలుసుకునేది.

"వచ్చాయా అమ్మాయ్?"

"వచ్చాయి అత్తయ్యా."

"ఎన్నున్నాయి?"

"బోలెడు."

"సరే, చల్లగా ఉండనీ."

అబద్ధం కాదు. మొదట్లో బోలెడే ఉండేవి. ఎంతేసి ఉన్నాయని ఆవిడ అడగలేదు, ఈ అమ్మాయి చెప్పలేదు. దర్జీ కూతురికి చందువా చేప నీడ ఎంతుండాలో ఏం తెలుసు? ఏడాదికేడాదీ నీడలు చిన్నవవుతూ పైపైనే తిరుగుతుంటే, గోడ కింది సగంలో ఎవరూ లెక్కచెయ్యని చేపలు తప్ప ఏమీ మిగల్లేదు. ఉన్నా లేనట్టే కదా అని కిందటేడు అక్కడ బట్టల బీరువా పెట్టుకున్నారు. ఆ తర్వాత లెక్క కూడా తగ్గింది. అప్పటికి "బోలెడు" అనడం అలవాటైపోయింది. పెద్దావిడ మనసు ఎందుకు కష్టపెట్టాలి అనుకుంది కోడలు. కొడుకూ అదే అనుకున్నాడు. గంట నోట్లో నువ్వుగింజ నానదు, కానీ ఈ ఒక్క మాటా దాచింది.

నీళ్ళలోనూ అంతే. రెండేళ్ళుగా వలలు తేలిగ్గా వస్తున్నాయి. ఈ ఏడు మరీ. చివరికి కొడుకు పడవ అమ్మేసి, బస్సులో మూడు గంటల దూరాన ఉన్న ఐసు ఫ్యాక్టరీలో పనికి ఒప్పుకున్నాడు. ఆదివారాలు ఇంటికి రావచ్చు.

"సముద్రం చూడకుండా ఉండగలవా అన్నయ్యా?" అంది గంట.

"ఐసు మాత్రం నీళ్ళు కాదా ఏంటి," అన్నాడు అతను తాడు చుడుతూ. ఎవరూ నవ్వలేదు. అతను కూడా.

కోడలు ఎప్పుడూ వల పూర్తయ్యాక వసారాలో ఆ స్తంభానికీ ఈ స్తంభానికీ కట్టి, ఎక్కడైనా ముడి జారిందేమో చూసుకునేది. ఆ రోజు వసారా నిండా పడవ సామాన్లే. అందుకని వలని ముందుగదిలోనే, కిటికీకీ గోడకీ మధ్య, దూలానికి కట్టింది. వల గదిలో సగానికే సరిపోయింది.

"టీ పొంగుతున్నట్టుంది," అంది ముడులమ్మ పీటమీంచి. ముక్కు మాత్రం బాగా పనిచేస్తుంది ఆవిడకి. కోడలు వంటింట్లోకి పరుగెత్తి, మంట ఆర్పి, గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఎండ వచ్చేసింది.

గోడమీద ఎడమ సగాన పాత వల నీడ ఒక్కటే ఉంది. కుడి సగాన దానిమీద కొత్త వల నీడ కూడా పడింది. ఎడమవైపు నుంచి ఒక చిన్న గుంపు వచ్చింది. పిల్ల చందువాలు, అరచేతిలో పట్టేటంతవి. పాత వల కళ్ళలోంచి గడపలు దాటే పిల్లల్లా దూరుకుంటూ వచ్చాయి. కుడి సగంలోకి వచ్చాయి. ఆగిపోయాయి.

కోడలు గ్లాసులు చేతిలో ఉండగానే నిలబడిపోయింది. ముందు వచ్చిన నీడ తల కొత్త వల కన్నులో ఇరుక్కుంది. తోక కొట్టుకుంటోంది. దాని పక్కది కూడా ఇరుక్కుంది. తర్వాతది వెనక్కి తిరగబోయి మొప్పల దగ్గర చిక్కుకుంది. చూస్తుండగానే ఆ సగమంతా తోకలు కొట్టుకునే నీడలే.

గంట గుమ్మంలోంచి లేచి వచ్చింది. "వదినా, ఇవెందుకిలా..." అని, అంతటితో ఆగింది. గంట సగంలో ఆగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

కోడలు గ్లాసులు కింద పెట్టింది. కిటికీ దగ్గరకి వెళ్ళి పాత వల కన్నులో నాలుగు వేళ్ళు పెట్టింది. వేళ్ళ పక్కన ఇంకా జాగా మిగిలింది. అయిదో వేలు కూడా దూరింది. వెనక్కి వచ్చి తను అల్లిన కన్నులో పెట్టింది. గాజు తొడిగినట్టు సరిపోయింది.

"అత్తయ్యా, మీ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి."

ముడులమ్మ చెయ్యి చాపింది. యాభై ఏళ్ళు తాడు లాగిన చెయ్యి, వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉంటాయి. కోడలు తన అరచేతిని దానికి ఆనించింది. తన నాలుగు వేళ్ళు అత్తగారి మూడు వేళ్ళ దగ్గరే అయిపోయాయి.

పెద్దావిడ ఆ సన్నటి వేళ్ళని తడిమి చూసింది, చిటికెనవేలి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే.

"ఎంతేసి ఉన్నాయి అమ్మాయ్ గోడమీద?" అని అడిగింది. ఎన్ని అని కాదు.

"అరచేతిలో పట్టేటంతే ఉన్నాయి అత్తయ్యా. రెండేళ్ళుగా అంతే. మీకు చెప్పలేదు." అంది కోడలు. "నేను చెడగొట్టాను. పదకొండు పడవల వలలూ నా చేత్తోనే... ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే అన్నిటినీ పట్టించేశాను."

"చెయ్యి చూపించిందాన్ని నేను. నా చెయ్యి, నీ చెయ్యి ఒకటి కాదన్న బుద్ధి నాకుండొద్దూ?" అంది ముడులమ్మ. "నేను చెప్పినట్టే నువ్వు చేశావు. చెప్పినట్టు చేసే కోడలిని ఇచ్చాడని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను కూడాను."

కొడుకు ఎప్పుడు లోపలికి వచ్చాడో, బీరువాకి ఆనుకుని నిలబడ్డాడు. "వల లాగేది నేనమ్మా," అన్నాడు. "చిన్నవి పడుతున్నాయని నాకు తెలియదా? తెలుసు. వదిలేస్తే పక్క పడవ పట్టుకుంటుందనుకున్నాను. పక్క పడవవాడూ అదే అనుకునుంటాడు."

"ఆ చిన్నవాటిని ప్లేటుకొకటి, ముచ్చటగా ఉంటాయని హోటళ్ళకి నేర్పింది ఎవరు?" అంది గంట మెల్లగా. ఆమె మెల్లగా అంటే మామూలు మనిషి మాట్లాడినట్టు. "నేనే. ఇప్పుడు పెద్ద చేప చూపిస్తే కోసుకోవాలా అంటున్నారు."

"అందరం పంచుకుంటే ఎవరి వాటాకీ ఎక్కువ రాదులే," అంది ముడులమ్మ. "ముందు వాటిని వదలండి. ఎండ పోతుంది."

కోడలు జడలోంచి సూది తీసింది. మొదటి ముడి విప్పింది. రెండు కళ్ళు కలిసి ఒకటయ్యాయి. గోడమీద ఇరుక్కున్న నీడ ఒకటి విదిలించుకుని, తోక ఊపి, మూల వైపు వెళ్ళిపోయింది. ఆమె రెండో ముడి విప్పింది. కొడుకు ఆ పక్కన, గంట ఈ పక్కన కూర్చున్నారు. అంత గట్టి ముడులు వేసినందుకు గంట తిడుతూనే ఉంది. "ఇవి ముడులా తల్లీ, మొక్కుబడులా? గోళ్ళు ఊడుతున్నాయి." కోడలికి ఏడుపులోంచి నవ్వొచ్చింది. టీ గ్లాసుల్లో మీగడ కట్టింది. ఒక్కొక్క నీడే వదులై, ఒక్కొక్కటే కదిలిపోయింది. ఎండ ఎర్రబడేసరికి కుడి సగమంతా ఖాళీ అయింది.

ఇంక అయిపోయిందని అందరూ నడుములు పట్టుకున్నారు. అప్పుడు ముడులమ్మ పీటమీంచి లేచింది.

"అదేమిటి?" అంది.

ఎడమవైపు మూల నుంచి ఒక నీడ వచ్చింది. వెడల్పాటి నీడ, చాటంత ఉంటుంది. పొట్ట నిండుగా ఉంది. తొందరేమీ లేదు దానికి. గోడంతా తనదే అన్నట్టు నెమ్మదిగా వచ్చింది. పొర కమ్మిన కళ్ళకి చిన్నవేమీ ఆనవు కానీ, అంత పెద్దది ఆనింది. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ గోడమీద తన కళ్ళతో తాను చూసిన మొదటి చేప అది.

"ఒక తల్లి మిగిలింది," అంది.

అది వలలో ఇంకా విప్పకుండా మిగిలిన భాగం దగ్గరకి వస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ రెండడుగులు వేసి, తడుముకుని, వల అంచు రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది, వాకిట్లో దండెం కింద నుంచి ఎవరినో రమ్మన్నట్టు. తల్లి నీడ ఆ కిందనుంచి దాటింది. దాటుతుండగా దాని పొట్ట బీరువా తలుపుల మీద పడి విరిగింది. ఆ ఒక్క క్షణం అది ఇబ్బందిగా కదిలినట్టనిపించింది. తర్వాత అవతలి మూలకి వెళ్ళిపోయింది. ఎండ ఆరింది.

ముడులమ్మ వల దించలేదు.

"ఒరే నాన్నా," అంది కొడుకుతో. "ఒకటి ఉందంటే దాని వెనక ఉంటాయి. రెండేళ్ళు పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు. పడవ ఉంటేనే కదా ఆగడానికి వీలు. లేని పడవని ఒడ్డున ఎలా ఆపుతావు?"

"అప్పటిదాకా ఏం పట్టనమ్మా?"

దానికి గంట దగ్గర జవాబుంది. ప్రతి వలలోనూ పడి, ప్రతి పడవవాడూ తిరిగి విసిరేసే చేప ఒకటుంది. చర్మం గరుకు, మూతి కిందికి వేలాడుతుంది. విందులో వడ్డన మరచిపోతే అలిగిన పెదమామగారిలా ఉంటుందని అలకచేప అంటారు. మొహం చూసి ఎవరూ కొనరు. నీళ్ళలో కుప్పలు. ఏ సాయంత్రం చూసినా గోడ అడుగున అవే తిరుగుతుండేవి, బీరువా వచ్చాక దాని తలుపుల మీద.

"దాన్నెవరు తింటారే?" అన్నాడు కొడుకు.

"తల తీసేసి అమ్ముతాను. మొహం లేకపోతే అలక ఎక్కడిది? మొదటి ముక్క ఊరికే ఇస్తా. రెండోసారి వాళ్ళే వస్తారు. అన్నయ్యా, ఇరవయ్యేళ్ళుగా అమ్ముతున్నాను నేను. ప్లేటుకొకటి నేర్పిన నోరు, ఇది నేర్పలేదా?"

కొడుకు చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత వసారాలోకి వెళ్ళి, పేర్చినవాటిలోంచి ఒక విరిగిన తెడ్డు ఏరి తెచ్చాడు. "అమ్మా, చెయ్యి పెట్టు," అన్నాడు. తల్లి చెయ్యి తెడ్డుమీద ఆనించి, నాలుగు వేళ్ళకీ అటూ ఇటూ పెన్సిలుతో గీత గీశాడు. అతను ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళడన్న సంగతి ఆ గీత చూశాకే కోడలికి అర్థమైంది. ఆమె చల్లారిన టీ మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పడవలు కొనే ఆయన వచ్చేసరికి రాత్రే గంట ఒడ్డంతా చాటి రావడంతో, ఆ ఇంటి వాకిట్లో మిగతా పది పడవలవాళ్ళూ తమ తమ వలలు గుట్టలుగా పోసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో తెడ్డులోంచి కోసిన ఒక చెక్కముక్క ఉంది. ఒకాయన గొణుగుతున్నాడు, "పెళ్ళాం చెప్తే విననివాణ్ణి, పొద్దున్నే లేచి ముడులు విప్పుతున్నాను," అని. అతని పక్కాయన, "విను మరి, ఈ ముడులైనా వదులవుతాయి," అన్నాడు. కోడలు అందరి మధ్యా తిరుగుతూ ఏ ముడి ఎటు లాగాలో చూపిస్తోంది. ఆమె మెడలో దారానికి కట్టిన కొలతచెక్క వేలాడుతోంది. గంట అప్పటికే బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి వెళ్ళిపోయింది. ఏం అమ్ముతోందో రెండు వీధుల ఇవతలికి స్పష్టంగా వినిపిస్తోంది.

"పడవేదీ?" అన్నాడు వచ్చినాయన.

"అమ్మట్లేదండీ. మిమ్మల్ని ఊరికే తిప్పాను, ఏమనుకోకండి," అన్నాడు కొడుకు. "వచ్చారు కాబట్టి ఒక చెయ్యి వేస్తారా?"

ఆయన మంచివాడే. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బట్టల బీరువాని గోడ దగ్గర నుంచి జరిపి, పక్కగదిలోకి చేర్చారు. గోడ కింది సగాన బీరువా ఉన్నంత మేరా సున్నం పచ్చబడి ఉంది. కోడలు చీపురు తెచ్చి బూజు దులిపింది. కొడుకు సున్నం కలపడానికి బకెట్టు కోసం వెళ్ళాడు.

ముడులమ్మ పీట తెచ్చుకుని గోడ ఎదుట వేసుకుంది. ఎండ రావడానికి ఇంకా పది గంటలుంది.

"నాన్నా," అని పిలిచింది లోపల్నుంచి, "ఆ కళ్ళ డాక్టరు ఏయే రోజుల్లో కూర్చుంటాడో కనుక్కురా."